మేడమ్ డబ్బా

ధరల కార్యాలయంలో ఆమెది పదకొండేళ్ళ ఉద్యోగం. ప్రతి మంగళవారం పొద్దున్నే భుజానికి సంచీ తగిలించుకుని బయలుదేరి, జాబితాలో ఉన్న పంతొమ్మిది కొట్లూ తిరిగి, సబ్బు ఎంత, నూనె ఎంత, బంగాళాదుంప ఎంత, రొట్టె ఎంత అని అడిగి ఫారాల్లో రాసుకోవడం ఆమె పని. అలా ఊరంతా పోగైన ధరలు కలిపి నెలకొక అంకె తీస్తారు. బతకడానికి పోయిన నెలకంటే ఈ నెల ఎంత ఎక్కువ ఖర్చయిందో చెప్పే అంకె అది. దాన్నిబట్టే ఫ్యాక్టరీల్లో కరువు భత్యం పెరుగుతుంది, ముసలివాళ్ళ పింఛన్లు పెరుగుతాయి. కొట్లవాళ్ళకు ఈ గొడవంతా పట్టదు. వాళ్ళకు ఆమె ధరల మేడమ్, అంతే.

ఆ పనంటే ఆమెకు గర్వం. పక్క బల్ల గుమాస్తాను ఆఫీసంతా 'కుర్చీ' అని పిలిచేవాళ్ళు, అందులోంచి లేచి ఎరగడు కాబట్టి. పోయిన వారం ధరను అర్ధరూపాయి అటో ఇటో మార్చి, టీ చల్లారేలోగా ఇరవై కొట్ల ఫారాలు నింపి పారేసేవాడు. ఆమె అలా కాదు. అరికాళ్ళు పగిలినా, జ్వరం వచ్చినా ప్రతి కొట్టూ ఎక్కి దిగాల్సిందే. "నేను కళ్ళతో చూడనిది కాగితం మీద పెట్టను" అని మూడు నాలుగుసార్లు కుర్చీ వినేలాగే అంది కూడా.

ఆమె జాబితాలో తొమ్మిదోది బస్సు డిపో వెనకున్న రొట్టెల దుకాణం. రొట్టెలాయన భారీ మనిషి, మోచేతులదాకా పిండి, చొక్కా గుండీలు ఎప్పుడూ ఒకటి ఎక్కువో తక్కువో. ఆమె మెట్లెక్కడమే ఆలస్యం, "రండి మేడమ్, రండి" అంటూ స్టూలు తుడిచి వేసేవాడు. గాజు గ్లాసులో టీ వచ్చేది. కౌంటర్ మీద కుప్పగా ఉన్నవాటిని వదిలి, తనే లోపలికి వెళ్ళి ఇంకా వెచ్చగా ఉన్న రొట్టెను కాగితంలో చుట్టి తెచ్చేవాడు. ఆమె సంచీలోంచి చిన్న తూకం మిషను తీసి దాన్ని తూచేది. నాలుగు వందల గ్రాములు. ఒక్కోసారి నాలుగు వందల మూడు. ధర అడిగేది. "ముప్ఫై నాలుగే మేడమ్, మారలేదు" అనేవాడు. ఫారంలో రాసుకునేది. ఆ రొట్టెకు డబ్బు ఆఫీసు ఇస్తుంది కాబట్టి దాన్ని ఇంటికి తీసుకుపోయేది. ఇంట్లో ఉండేది తనొక్కతే. ఒక్క రొట్టె వారమంతా వచ్చేది. వేరే రొట్టె కొనవలసిన అవసరం ఏళ్ళ తరబడి రాలేదు.

ఆమెకు ఒక్కడే తమ్ముడు. సీసాల ఫ్యాక్టరీలో కొలిమి దగ్గర పని. ఊరికి అటు చివర ఇల్లు, ఇద్దరు ఆడపిల్లలు. ఆదివారం మధ్యాహ్నం ఆమె అక్కడే తినేది. తమ్ముడు గోల చేసే రకం కాదు గానీ, ఈ మధ్య భత్యం మాట వస్తే మాత్రం ఊరుకునేవాడు కాదు.

"మూడు నెలలకొకసారి పెంచుతారటక్కా. ఈసారి పెంచింది ఎంతో తెలుసా? దాంతో సాక్సులు కొనుక్కోవచ్చు. అదీ ఒక కాలికే."

"అంకెను బట్టి ఇస్తార్రా. మేం రాసేది మేం రాస్తాం, పైన లెక్క కట్టేవాళ్ళు వేరు" అనేది ఆమె.

"ఆ రాసేవాళ్ళు ఏ లోకంలో కొంటున్నారో ఒకసారి చూడాలని ఉందంటారు మావాళ్ళు" అని నవ్వేవాడు తమ్ముడు.

మరదలు మధ్యలో దూరి, "మీ అక్కయ్యగారిని ఏమీ అనకండి. ఆవిడ ఒక్కసారి కోప్పడితే ఉప్పు ధర పెరుగుతుంది" అనేది. వదినను ఆటపట్టించకుండా ఆ అమ్మాయికి అన్నం అరగదు. ఆమెకూ ఆ వేళాకోళం లేకపోతే ఆదివారం ఆదివారంలా ఉండేది కాదు.

ఒక మంగళవారం, తిరగవలసిన కొట్లన్నీ అయ్యాక, చిన్న మేనకోడలికి జ్వరమని ఫోనొస్తే అటునుంచి అటే తమ్ముడింటికి వెళ్ళింది. తమ్ముడు పనిలో ఉన్నాడు. పిల్ల దుప్పటి కప్పుకుని పడుకుని ఉంది. మరదలు వంటింట్లో పీట మీద రొట్టె పెట్టి కోయబోతోంది.

"పిల్లకు పాలల్లో ముంచి పెడుదువుగాని" అంటూ ఆమె తన సంచీలోంచి రొట్టె తీసి పక్కన పెట్టింది.

మరదలు కత్తి ఆపింది. రెండింటినీ చూసి పకపకా నవ్వింది. "ఇదేమిటి వదినా? మీదాని పక్కన మాది నెల తక్కువ బిడ్డలా ఉంది. ఎక్కడ కొన్నారు?"

"డిపో వెనకాల."

"వేళాకోళమాడకండి. మాదీ డిపో వెనకాలదే. పొద్దున ఏడింటికి వరసలో నిలబడి తెచ్చా."

"ఎంతకి?"

"ముప్ఫై నాలుగు."

ఆమె సంచీలోంచి తూకం తీసింది. ముందు తనది పెట్టింది. నాలుగు వందల మూడు. తర్వాత మరదలిది. మూడు వందల ఇరవై ఎనిమిది. తీసి మళ్ళీ పెట్టింది. మూడు వందల ఇరవై ఎనిమిదే.

మరదలు నవ్వు ఆగిపోయింది. "అంటే, మీకిచ్చేది వేరా?"

ఆమె చెవులు వేడెక్కాయి. ఎందుకలా అందో తర్వాత ఎంత ఆలోచించినా తెలియలేదు, నోట్లోంచి మాత్రం వచ్చేసింది. "బ్యాటరీ అయిపోయినట్టుంది. ఈ తూకం ఈమధ్య తప్పు చూపిస్తోంది."

మరదలు ఒక్క క్షణం ఆమె ముఖంలోకి చూసింది. "బ్యాటరీ సంగతి నాకు తెలీదు వదినా. నా కళ్ళు బాగానే పనిచేస్తున్నాయి" అని, తన రొట్టెను దగ్గరకు లాక్కుని కోయడం మొదలుపెట్టింది. ముక్కలు కాగితాల్లా పల్చగా పడుతున్నాయి. ఆమె పిల్ల నుదురు తాకి చూసి, పనుందని చెప్పి వచ్చేసింది.

మర్నాడు సెలవు పెట్టి, ఏడింటికి డిపో వెనక్కి వెళ్ళింది. వరస మెట్ల కిందికి దిగి, మలుపు దాకా ఉంది. పదకొండేళ్ళలో ఆ దుకాణం ముందు ఆమె వరసలో నిలబడడం అదే మొదటిసారి. ముందు ఒక డ్రైవర్, వెనక ఇద్దరు ఆడవాళ్ళు. వెనకావిడ పక్కావిడతో, "రేపో మాపో దీన్ని అగ్గిపెట్టెలో పెట్టి ఇస్తాడు చూడు" అంటోంది. పక్కావిడ, "అగ్గిపెట్టెకు వేరే డబ్బులు తీసుకుంటాడు" అంది. చుట్టూ అందరూ నవ్వారు. రొట్టె చిక్కిపోయిన సంగతి ఆ వరసలో తెలియని మనిషి లేడు. తెలుసుకోవడమే ఉద్యోగమైన మనిషికి తప్ప.

కౌంటర్లో ఉన్నది రొట్టెలాయన కోడలు. ఆ అమ్మాయి ఆమెను ఎరగదు. కుప్పలోంచి ఒకటి తీసి చేతిలో పెట్టి, ముప్ఫై నాలుగు తీసుకుంది. ఆమె పక్కకు జరిగి, గోడవైపు తిరిగి తూచుకుంది. మూడు వందల ముప్ఫై ఒకటి. సరిగ్గా అప్పుడే రొట్టెలాయన వెనక నుంచి పరుగులాంటి నడకతో వచ్చాడు.

"మేడమ్, మేడమ్! ఇది మీది కాదు. ఈ పిల్లకు తెలీక ఇచ్చింది. మంగళవారం కాదు కదా, మీది కాల్చలేదు. అరగంట కూర్చోండి" అంటూ చేతిలోని రొట్టె తీసుకోబోయాడు.

"నాది ఏమిటండీ?" అంది ఆమె.

ఆయన కోడలివైపు, వరసవైపు చూసి, గొంతు తగ్గించి, "లోపలికి రండి" అన్నాడు.

లోపల పొయ్యి సెగకు గోడలు గోధుమరంగులోకి తిరిగి ఉన్నాయి. అరల నిండా రొట్టెలు కాల్చే రేకు డబ్బాలు, అన్నీ కొత్తవి, చిన్నవి. ఒక్కటి మాత్రం పాతది, నల్లబడిపోయి, వాటికంటే రెండు వేళ్ళు పొడుగు, విడిగా మేకుకు వేలాడుతోంది. పనివాడొకడు ఎవరో వచ్చారని చూసుకోకుండా, "మేడమ్ డబ్బా దించమంటారా?" అని అడిగాడు. రొట్టెలాయన వాణ్ణి కసిరాడు.

"దానికి అలా పేరు పెట్టారు వెధవలు. మీరేమీ అనుకోకండి" అన్నాడు ఆమెతో. "డబ్బాలన్నీ మార్చినప్పుడు పాతవి తుక్కు కింద అమ్మేశాను. మీకోసమని ఇదొక్కటి అట్టే పెట్టాను."

"నేనెప్పుడు అడిగాను?"

ఆయన నిజంగానే ఆశ్చర్యపోయాడు. "అదేమిటి మేడమ్? నాలుగేళ్ళయింది. ఆ రోజు కుండపోత వాన. మీ చెప్పు తెగిపోయింది. ఒక కాలికి చెప్పు, ఒక కాలికి ప్లాస్టిక్ సంచీ చుట్టుకుని వచ్చారు. నేను కౌంటర్ మీది రొట్టె ఇచ్చాను. మీరు తూచి, 'ఇది మూడు వందల డెబ్బై రెండే ఉంది, ఇది నాకు పనికిరాదండీ, నాలుగు వందలదే కావాలి' అన్నారు. లోపల హోటలువాళ్ళ ఆర్డరు కోసం చేసిన పెద్దది ఒకటుంటే తెచ్చిచ్చాను. 'హమ్మయ్య, బతికించారు' అన్నారు. మళ్ళీ వారం మీరు అడగకముందే చేసి పెట్టాను. అంతే, అప్పట్నుంచీ."

ఆమెకు గుర్తొచ్చింది. కాలికి చుట్టుకున్న సంచీతో సహా గుర్తొచ్చింది. తూకం తగ్గితే మార్పు పత్రం నింపాలి. దానికి ముందు అదే పేటలో మరో మూడు రొట్టెల దుకాణాలకు వెళ్ళి అక్కడా తూచాలి. ఆ వానలో, తెగిన చెప్పుతో, ఇంకా పది కొట్లు మిగిలి ఉండగా, ఆ మూడు దుకాణాలు తలచుకుంటే ఆమెకు ఏడుపొచ్చింది. ఈ ఒక్కసారికే కదా అనుకుంది. వచ్చే వారం సరిగ్గా చూద్దాం అనుకుంది. వచ్చే వారం వెచ్చటి రొట్టె, సరిగ్గా నాలుగు వందలు, చేతికి అందింది. ఇక చూడ్డానికేముంది?

"ఎందుకిలా చేస్తున్నారని నన్నెప్పుడూ అడగలేదేం?" అంది.

"నేనేం అడగను మేడమ్? పైవాళ్ళు ఆ సైజే రాయమన్నారేమో, మీరు మాలాంటివాళ్ళకు ఇబ్బంది రాకుండా సర్దుతున్నారేమో అనుకున్నాను. మిమ్మల్ని మంచి మనిషి అనే అనుకున్నాను." చేతుల పిండి దులుపుకుని, "పిండి ధర చూశారుగా. ధర పెంచితే కొట్టడానికి వస్తారు, బరువు తగ్గిస్తే తిట్టి ఊరుకుంటారు. నా బాధ నాది" అన్నాడు.

ఆమెకు తల కొట్టేసినట్టయింది. నమస్కారం పెట్టి బయటికొచ్చింది. స్టూలు మీద ఆమెకోసం టీ అప్పటికే పెట్టి ఉంది. ముట్టుకోకుండా మెట్లు దిగింది.

ఆ వారమంతా ఆమె పాత ఫారాలు తీసి, బరువుల ప్రకారం లెక్క కట్టుకుంది. నాలుగేళ్ళ కింద నాలుగు వందల గ్రాముల రొట్టె ముప్ఫై. తను రాసిన దాని ప్రకారం ఇప్పుడు ముప్ఫై నాలుగు. జనం నిజంగా ఇస్తున్న దాని ప్రకారం నలభై ఒకటి. సోమవారం ఆ కాగితాలు పట్టుకుని పై అధికారి గదిలోకి వెళ్ళింది. రిటైరు కావడానికి ఏడు నెలలున్న మనిషి ఆయన, ఎవరినీ నొప్పించడు. అంతా విని కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు.

"ఒక్క దుకాణం. ఒక్క రొట్టె. ఊరు మొత్తం మీద నలభై రొట్టెల దుకాణాలు చూస్తున్నాం. మీ రొట్టె వల్ల అంకె ఎంత మారి ఉంటుందమ్మా? దశాంశపు చుక్క తర్వాత రెండో అంకెలో ఏదో కాస్త."

"ఈ ఒక్కసారికి ఏమవుతుందనేనండీ నేనూ ఆ రోజు అనుకున్నది" అంది ఆమె.

ఆయన నిట్టూర్చాడు. "ఈ వారం నుంచి సరైన బరువు రాయండి. అచ్చయిన అంకెలు వెనక్కి రావు. ఒక సంజాయిషీ రాసివ్వండి."

రాసిచ్చింది. నెలవారీ సమావేశంలో దాన్ని చదివారు, పేరు లేకుండానే. కానీ డిపో వెనక దుకాణం ఎవరి జాబితాలోదో ఆ గదిలో అందరికీ తెలుసు. ఆమె బల్ల మీది గీతల్ని లెక్కపెడుతూ కూర్చుంది. బయటికి వస్తుంటే కుర్చీ వెనకే వచ్చి, ఎంతో ఆప్యాయంగా, "ఊరుకో అక్కయ్యా, మనసులో పెట్టుకోకు. అందరం చేసేదే. నువ్వు నడిచి చేశావు, నేను కూర్చుని చేశాను" అన్నాడు. వెక్కిరింతేమో అని ఆమె అతని ముఖం చూసింది. కాదు, నిజంగానే ఓదారుస్తున్నాడు.

ఆదివారం తమ్ముడింటికి భోజనాల వేళ దాటాక వెళ్ళింది. పిల్లలు బయట ఆడుకుంటున్నారు. తమ్ముడు నేలమీద కూర్చుని ఫ్యాను విప్పి తుడుస్తున్నాడు. మరదలు బట్టలు మడత పెడుతోంది. ఆమె కుర్చీలో కూర్చోకుండా, నిలబడే మొత్తం చెప్పింది. చెప్పు తెగిన రోజు దగ్గర్నుంచి. తూకం బ్యాటరీ అని అబద్ధమాడిందాకా.

తమ్ముడు తుడిచిన ఫ్యాను రెక్కనే మళ్ళీ తుడవడం మొదలుపెట్టాడు.

ముందు మాట్లాడింది మరదలు. "పిల్లలు ఇంకో ముక్క అడిగితే, 'మీకు ఈమధ్య ఆకలి ఎక్కువైంది' అని కసిరేదాన్ని వదినా. పెద్దదైతే అడగడం మానేసింది." వేళాకోళం లేని ఆ గొంతు ఆమె ఎప్పుడూ వినలేదు.

తమ్ముడు తలెత్తకుండానే అన్నాడు. "నువ్వు మా అక్కవని ఫ్యాక్టరీలో ఎవరికీ చెప్పలేదు నేను. ఆ లెక్కలు రాసేవాళ్ళని మావాళ్ళు తిట్టినప్పుడల్లా, మా అక్క అలాంటిది కాదు, నడిచి నడిచి రాస్తుంది అని లోపల అనుకునేవాణ్ణి."

"మీ కార్మిక సంఘానికి నేనే వచ్చి చెప్తానురా" అంది ఆమె.

"వద్దు" అన్నాడు వెంటనే. "నువ్వు అక్కడికి రావద్దు. వాళ్ళ ముందు నువ్వు నిలబడడం నేను చూడలేను. కాగితం మీద రాసివ్వు."

మరదలు లేచి పెద్దపిల్ల నోటుపుస్తకంలోంచి ఒక పేజీ చింపి ఇచ్చింది. ఆమె గోడకు ఆనుకుని కూర్చుని, దుకాణం, బరువులు, తేదీలు, తన హోదా అన్నీ రాసి సంతకం పెట్టింది. తమ్ముడు చదవకుండా మడిచి జేబులో పెట్టుకున్నాడు. మరదలు ఆమెను తిని వెళ్ళమని అంది, కానీ రెండోసారి అనలేదు.

ఆ కాగితం సంఘం నుంచి ఆఫీసుకు వచ్చింది, అక్కడి నుంచి పైకి వెళ్ళింది. రొట్టెల దుకాణాలన్నీ కొత్త మనుషులతో మళ్ళీ తూయించారు. పదమూడు చోట్ల ఫారంలో ఒక బరువు, చేతిలో ఒక బరువు. ఎక్కడా ఆమెకు కాల్చినట్టు ప్రత్యేకంగా ఎవరూ ఎవరికీ కాల్చలేదు. 'మార్పు లేదు' అని వారం వారం రాసుకుపోయారంతే. ఆ నెల అంకె ఒక్కసారి ఎగిరింది. తర్వాతి భత్యం కాస్త గౌరవంగా పెరిగింది. గడిచిన నాలుగేళ్ళ గురించి మాత్రం ఎవరూ ఏమీ చేయలేమన్నారు. ఆమెకు ఒక మెమో ఇచ్చి, ఒక ఇంక్రిమెంటు ఆపి, బయటి పని మాన్పించి రికార్డు గదిలో వేశారు. తక్కువ శిక్షేనని అందరూ అన్నారు. తక్కువేనని ఆమెకూ తెలుసు. ఇంకాస్త పెద్దది వేసి ఉంటే రాత్రుళ్ళు సరిగ్గా నిద్ర పట్టేదేమో.

ఆదివారాలు ఆమె వెళ్ళడం మానేసింది. వాళ్ళు రమ్మనలేదని కాదు. ఆ ఇంటి పీట ముందు కూర్చోవడానికి ఆమెకే ముఖం చెల్లలేదు.

ఏడో వారం తమ్ముడే వచ్చాడు. చేతిలో ఒక సంచీ, అందులో మరదలు పంపిన పాత దుప్పటి. చలికి బాగుంటుందని ఇచ్చిందట. కాసేపు వంటింటి కుళాయి కారుతుంటే చూశాడు, వాషరు మార్చాలన్నాడు. పెద్దపిల్ల పరీక్షల సంగతి చెప్పాడు. ఆమె టీ పెట్టింది. తాగాడు. లేచాడు.

గుమ్మం దగ్గర ఆమె ఇక ఉండబట్టలేక, "తమ్ముడూ, ఆ విషయంలో నేను" అని మొదలుపెట్టింది.

"ఆ మాట ఎత్తకక్కా" అన్నాడు చెప్పులేసుకుంటూ. "ఎత్తితే నాకు కోపం వస్తుంది. కోపం వస్తే నేను మళ్ళీ రాలేను."

"సరే" అంది.

"వచ్చే ఆదివారం వాషరు తెస్తాను. ఇంట్లో ఉంటావుగా?"

"ఉంటాను."

అతను మెట్లు దిగి వీధి చివర మలుపు తిరిగేదాకా ఆమె తలుపు పట్టుకుని నిలబడింది. తర్వాత లోపలికి వచ్చి, కుళాయి కింద గిన్నె పెట్టింది.